తియొసావ్ ఆగిన చోట్లు

తియొసావ్‌ను పూడ్చిన రోజున, మట్టి కప్పడం అయ్యాక, జనం ఉడికించిన గోధుమలు తలా ఒక చెంచాడు నోట్లో వేసుకుని, రాకియా అనే పళ్ళసారా గ్లాసులు పట్టుకుని శ్మశానం గేటు దగ్గర నిలబడ్డారు. మొదటి చుక్క పోయినవాడి పేరు చెప్పి నేల మీద ఒంపారు. రెండో గుక్క దాకా అందరూ ఒకే మాట మీద ఉన్నారు. మూడో గుక్కకల్లా పోయినవాడు ఎలాంటి మనిషి అన్నదాని మీద తగువు మొదలైంది.

"ముప్పై ఏళ్ళు మా ఇంటికి ఉత్తరాలు తెచ్చాడు. 'బాగున్నారా' అన్న మాట ఆయన నోట్లోంచి ఊడిపడితే ఒట్టు," అన్నారు కొందరు. "పింఛను చేతిలో పెట్టి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు మలుపు తిరిగిపోయేవాడు."

"మీరు ఇంకెవరి గురించో మాట్లాడుతున్నారు," అన్నారు మిగిలినవాళ్ళు. "అంత మర్యాదస్థుడు ఈ కొండ మీద మళ్ళీ పుట్టడు. కంచె దగ్గర ఆగి, ఆవు ఈనిందా, కోడలు కుదురుకుందా, చెట్లు కాపు పట్టాయా అని ఒక్కొక్కటీ అడిగేవాడు. కన్నకొడుకులు అడుగుతారా అలా?"

నల్లగుడ్డ తలకు కట్టుకుని అక్కడే నిలబడ్డ ఆయన భార్య రొసాండా రెండు పక్షాల వాదమూ విన్నది. ఎవరినీ కాదనలేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మొదటి మనిషి రెండో మనిషిగా ఎందుకు మారాడో ఆ కొండ మొత్తానికి తెలిసింది ఆమె ఒక్కతెకే. ఈ కొండ మీద ఎవరి దగ్గరా ఆయన ఒప్పుకోని సంగతిని ఆయన్ని పూడ్చిన రోజున చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

తియొసావ్ తపాలా మనిషి. జ్లాతిబోర్ కొండల్లో ఇళ్ళు ఒకదాన్ని చూసి ఒకటి అలిగినట్టు దూరదూరంగా ఉంటాయి. ఒక్క ఉత్తరానికి ఒక్కోసారి ఒక కొండ ఎక్కి దిగాలి. ఆయన ఎక్కి దిగేవాడు, అదీ పరుగులాంటి నడకతో. ఊరి కుక్కలు ఆయన వెంటపడటం ఎప్పుడో మానేశాయి. అవి మొరగడం మొదలుపెట్టేసరికి ఆయన పక్కింటి హద్దులో ఉండేవాడు, అక్కడ మొరిగే హక్కు ఇంకో కుక్కది. ఎవరైనా రాకియా పోస్తే కాదనేవాడు కాదు గాని, ఒక కాలు గుమ్మం అవతల పెట్టే తాగేవాడు. మాటలు ఆయనకు మూటలో రాయిలాంటివి. ఒక్కటి వేసుకున్నా బరువే.

ఆయనకు జీవితంలో ఒకే ఒక్క పరీక్ష గుర్తుంది. సైన్యానికి మనుషులను ఎంచే పరీక్ష. ఆ ప్రాంతంలో ఒక సామెత ఉంది: సైన్యానికి పనికిరానివాడు పిల్లకూ పనికిరాడు. తెల్లకోటు డాక్టరు ముందు ఊరి కుర్రాళ్ళంతా చొక్కాలు విప్పి వరుసగా నిలబడేవారు. పాసైనవాడు పాడుకుంటూ ఇంటికి వచ్చేవాడు. తియొసావ్ పెదనాన్న కొడుకు ఒకడిని అరికాళ్ళు చదునుగా ఉన్నాయని తిప్పి పంపారు. అతను తర్వాత పట్నంలో పెద్ద కొలువు చేశాడు, రెండంతస్తుల ఇల్లు కట్టాడు, ఊరి బడికి గంట చేయించి ఇచ్చాడు. అయినా ఊళ్ళో చదునుకాళ్ళోడుగానే చచ్చిపోయాడు. తియొసావ్ మాత్రం మొదటి చూపులోనే పాసయ్యాడు. ఆ ఎండాకాలమే పిల్లను అడగమని రొసాండా ఇంటికి మనిషిని పంపాడు. అప్పటినుంచి తెల్లకోటు అంటే ఆయన లెక్కలో ఒకటే పని: మగవాడు మగవాడా కాదా అని తేల్చడం.

పింఛను పుచ్చుకున్న తర్వాత కూడా రోజూ రొట్టెకు కొండ దిగి ఎక్కేవాడు. ఒకరోజు వసంతకాలంలో సావ్కా కంచె దగ్గర ఆగాడు. సావ్కా భర్త పోయిన ముసలావిడ, నాలుక మీద మిరపకాయ నూరినట్టుంటుంది.

"సావ్కా, చెట్లు బాగా పూశాయే ఈ ఏడు," అన్నాడు.

సావ్కా కోళ్ళకు వేస్తున్న నూకల గిన్నె కింద పడేసి, అడ్డదారిన రొసాండా దగ్గరికి పరుగెత్తింది.

"ఏమేవ్ రొసాండా, మీ ఆయన నన్ను పలకరించాడే! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మరి తాగి ఉన్నాడా?"

"పొద్దున్నే తాగే మనిషి కాదుగా."

"అయితే పోయేది ఆయనే. పోయేముందు మనుషులు మంచివాళ్ళవుతారు. మా ఆయనా అంతే, చివరి వారం నన్ను పేరు పెట్టి పిలిచాడు."

రొసాండా నవ్వింది. కాని మర్నాటినుంచి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూడసాగింది. తియొసావ్ సావ్కా కంచె దగ్గర ఆగుతున్నాడు. ప్రార్థనామందిరం మలుపులో ఆగుతున్నాడు. మనిషి కనిపిస్తే క్షేమసమాచారాలు అడుగుతున్నాడు. మనిషి లేకపోతే వంగి బూటు తాళ్ళు విప్పి మళ్ళీ కడుతున్నాడు. తాళ్ళు బాగానే ఉంటే నడుం మీద చేతులు పెట్టుకుని లోయలోకి చూస్తున్నాడు. అంత జీవితంలో ఆ లోయను ఒక్కసారి కన్నెత్తి చూడని మనిషి!

"అక్కడ నిలబడి ఏం చూస్తున్నావ్?" అని అడిగింది ఒకరోజు.

"సూర్యాస్తమయం."

"ఇంకా మధ్యాహ్నం భోజనాలే కాలేదు, తియొసావ్."

"ముందుగా వెళ్ళి చోటు పట్టుకోవద్దూ?"

అప్పుడు రొసాండాకు అర్థమైంది. ఆయన ఆగినప్పుడల్లా భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి, కమ్మరి తిత్తిలా. కొండ మీది వాళ్ళంతా ముసలితనంలో ఆయనకు మంచితనం వచ్చిందని మురిసిపోతున్నారు. నిజానికి వచ్చింది ఆయాసం.

ఉజిత్సె పట్నం డాక్టరు దగ్గరికి ఆయనను తీసుకుపోవడానికి ఆమెకు ఒక చలికాలం పట్టింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మళ్ళీ విని, బొమ్మల యంత్రం పెట్టి చూశాడు. గుండెలోంచి రక్తం ఒంటికి వెళ్ళే దారిలో ఒక తలుపు ఉంటుందట. అది సున్నం పట్టి, పెంకులా గట్టిపడిపోయింది, చీలికంత మాత్రమే తెరుచుకుంటోంది. ఛాతీ కోసి కొత్తది పెట్టాలంటే, తియొసావ్ ఊపిరితిత్తులను ఏనాడో పొగాకుకు రాసిచ్చేశాడు, అవి కత్తిని తట్టుకోలేవు. అయితే బెల్‌గ్రేడ్‌లోని ఒక గుండె ఆసుపత్రిలో, ఛాతీ కోయకుండా తొడలోని రక్తనాళం గుండా కొత్త కవాటాన్ని పైకి పంపి చూస్తున్నారు. ఇంకా పరిశోధనలోనే ఉంది. ఒకరిద్దరికే చోటు మిగిలింది. అదీ ఆయాసంతో రోజు గడవడం కష్టమైనవాళ్ళకే.

తియొసావ్ కోటు తొడుక్కుంటుండగా డాక్టరు రొసాండాను పక్కకు పిలిచాడు. "అక్కడ తీసుకోకపోతే, అమ్మా, ప్లమ్ పళ్ళు దించే వేళకి ఈయన ఉంటాడని నేను చెప్పలేను."

బెల్‌గ్రేడ్ బస్సు ఎక్కేముందు తియొసావ్ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. పెళ్ళినాటి సూటు తొడిగాడు. బూట్లకు మెరుపు వచ్చేదాకా రుద్దాడు. రొసాండా ఒక డబ్బా మీగడ, పొగలో ఎండబెట్టిన మాంసం, ఒక సీసా రాకియా సంచిలో పెట్టుకుంది. వట్టి చేతులతో డాక్టరు గడప తొక్కితే తల కొట్టేసినట్టుంటుంది కదా.

ఆ పరిశోధన చేసే డాక్టరు పేరు నెవెనా. కళ్ళ కింద నల్లని చారలు, చల్లారిన కాఫీ కప్పు, మెల్లని గొంతు. తియొసావ్ ఆమె తెల్లకోటు చూడగానే మడమలు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు.

"కూర్చోండి తియొసావ్ గారూ. నడిస్తే ఆయాసం వస్తోందా?"

"లేదు."

"మెట్లెక్కితే?"

"మాది కొండ. మెట్లు పట్నం వాళ్ళకి."

"సరే, కొండెక్కితే?"

"కొండకే వస్తుంది ఆయాసం, నన్ను చూసి."

"ఛాతీలో నొప్పి?"

"పెళ్ళయినవాడికి ఎక్కడో ఒకచోట నొప్పి ఉంటుంది, డాక్టరమ్మా. దాన్ని లెక్కలో వెయ్యకూడదు."

ఆయన వెనక కూర్చున్న రొసాండా కళ్ళతో, చేతులతో, చివరికి తలగుడ్డ చెంగుతో కూడా సైగలు చేసింది. నెవెనా అటు చూసింది. తియొసావ్ వెనక్కి తిరక్కుండానే, "ఆమెకు ఈగలంటే పడదు," అన్నాడు.

తర్వాత నడక పరీక్ష. పొడవాటి నడవాలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, రోడ్డు పనివాళ్ళు పెట్టే నారింజరంగు దిమ్మెలు పెట్టారు. ఆరు నిమిషాలు వాటి మధ్య అటూ ఇటూ నడవాలి. అలసిపోతే ఆగొచ్చు. నర్సు జోర్కా గడియారం పట్టుకుని నిలబడింది. ఆమె రోగితో కబుర్లాడకూడదు, పక్కన నడవకూడదు. రాసిపెట్టిన మాటలు మాత్రమే, రాసిపెట్టిన గొంతుతో చెప్పాలి. లేకపోతే ఒకడిని బుజ్జగించి, ఇంకొకడిని వదిలేసి, లెక్కలన్నీ గల్లంతవుతాయి.

"మొదలుపెట్టండి," అన్నది జోర్కా.

తియొసావ్ బాణంలా వెళ్ళాడు. సగం దూరంలో గోడ మీద 'చేతులు ఇలా కడుక్కోవాలి' అన్న బొమ్మల కాగితం కనిపించింది. టక్కున ఆగి మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చదివాడు.

"బాగా నడుస్తున్నారు. అలాగే కానివ్వండి," అన్నది జోర్కా, రాసిపెట్టినట్టే.

"నడవట్లేదమ్మా, చదువుతున్నా. తపాలా మనిషిని, రాసి ఉన్నదాన్ని దాటి పోలేను."

మళ్ళీ కదిలాడు. ఈసారి కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాడు. "ఏ ఊరు?"

"చాచక్."

"చాచక్‌లో ఎవరి అబ్బాయివి?"

ఆ అబ్బాయికి ఎనభై దాటాయి. తండ్రి పేరు, తాత పేరు, మేనమామల ఊరు చెప్పుకొచ్చాడు. తియొసావ్ ప్రతి పేరుకూ తల ఊపుతూ ఊపిరి తీసుకున్నాడు. తర్వాత బూటు తాళ్ళు. తర్వాత కిటికీలోంచి కనిపించే చెత్తబండి. రొసాండా ఆ నడవా చివర బల్ల మీద కూర్చుని, ఆయన ఆగిన ప్రతిచోటా తన గుండె ఒకసారి పట్టుకుంది.

కాలం అయిపోయాక నెవెనా అడిగింది. "మధ్యలో చాలాసార్లు ఆగారు. ఆయాసం వల్లా?"

"మర్యాద వల్ల."

నెవెనా కలం కింద పెట్టింది. "చూడండి, మీ కవాటం పరిస్థితి బొమ్మల్లో నాకు కనిపిస్తోంది. కాని ఇబ్బంది లేదని మీరే అంటున్నారు, నడకలోనూ లేదంటున్నారు. ఇబ్బంది లేని మనిషి మీద కొత్త వస్తువును పరీక్షించే హక్కు మాకు లేదు. రేపు పొద్దున్న రెండో నడక ఉంటుంది, అందరికీ రెండుసార్లు పెడతాం. అదీ ఇలాగే ఉంటే మిమ్మల్ని ఇంటికి పంపేస్తాను."

గది బయటికి రాగానే తియొసావ్ కోటు బొత్తాలు సవరించుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"విన్నావా? ఇంటికి పంపేస్తారట. పాసయ్యాను."

"దేంట్లో?"

"అన్నిట్లో. ఈ వయసులో!"

రొసాండాకు ఆయనను అక్కడే సంచితో ఒక్కటి వెయ్యాలనిపించింది. సంచిలో సీసా ఉందని ఆగింది.

మధ్యాహ్నం ఆయన మంచం మీద కునుకు తీస్తుంటే, మీగడ డబ్బా పట్టుకుని నర్సుల గది తలుపు తట్టింది. జోర్కా ఒక్కతే కాఫీ కాచుకుంటోంది.

"పిన్నీ, మేం రోగుల దగ్గర కానుకలు పుచ్చుకోకూడదు."

"ఇది కానుకా? మీగడ. రొట్టె ఉందా?"

రొట్టె ఉంది. జోర్కా మూత తీసి వాసన చూసింది, నియమాల గురించి కొంచెంసేపు ఆలోచించింది, చాకు అందుకుంది. రొసాండాకూ ఒక కప్పు కాఫీ పోసింది.

"మీ ఆయన భలే మాటకారి, పిన్నీ. మా నడవాలో అన్ని కబుర్లు చెప్పినవాడు ఇంకొకడు లేడు."

"అమ్మాయ్, నీకు పెళ్ళయిందా?"

"అయింది. వదిలేశాను కూడా."

"అయితే నీకు అర్థమవుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో చెప్పిన మాటలన్నీ కలిపితే ఈ కాఫీ చల్లారేలోపు అయిపోతాయి. అలాంటివాడు చాచక్ ముసలాయన మేనమామల ఊరు అడిగాడంటే ఎందుకడిగాడు? ఊపిరి కోసం అడిగాడు. చేతులు ఎలా కడుక్కోవాలో ఎందుకు చదివాడు? ఇంట్లో నేను మొత్తుకుంటే ఏనాడైనా కడిగాడా?"

జోర్కా నమలడం ఆపింది. రొసాండా సావ్కా కంచె గురించీ, భోజనాలవేళ సూర్యాస్తమయం గురించీ, సైన్యం సామెత గురించీ చెప్పింది. మొదట జోర్కా నవ్వింది. చివరికి వచ్చేసరికి నవ్వలేదు.

"నేనేం చెయ్యగలను పిన్నీ? ఆయన ఆయాసం లేదంటే, ఉందని నేను రాయలేను. అలా రాస్తే ఇది పరిశోధన కాదు, పుకారు."

"అబద్ధం రాయమని నేను అడగలేదు. ఆయనకు ఆగడానికి వంక దొరక్కుండా చెయ్యి. అంతే. ఆ తర్వాత నిజంగా ఆయాసం లేకుండా నడిచాడే అనుకో, ఇంటికి తీసుకుపోతాను, నోరెత్తను."

జోర్కా డబ్బా చేత్తో పట్టుకునే నెవెనా గదికి వెళ్ళింది, రొసాండా వెనకాలే. నెవెనా అంతా విన్నది, మీగడ రాసిన రొట్టె కూడా తిన్నది.

"నాకూ అనుమానంగానే ఉంది," అన్నది. "కాని అనుమానాన్ని రాసుకోవడానికి మా కాగితాల్లో గడి లేదు." తర్వాత అరలోంచి నియమాల పుస్తకం తీసి కొంచెంసేపు తిప్పింది. ఉన్నట్టుండి బుగ్గలు ఎర్రబడ్డాయి. "జోర్కా, నడక జరిగేటప్పుడు నడవా ఖాళీగా ఉండాలని ఇందులోనే రాసి ఉంది."

"ఉంది డాక్టర్."

"మరి ఎప్పుడైనా ఖాళీగా ఉంచామా?"

"మన దేశంలో నడవా ఖాళీగా ఎలా ఉంటుంది డాక్టర్?"

మర్నాడు పొద్దున్న ఉంది. కుర్చీలు తీసేశారు. గోడల మీద కాగితాలు ఊడబీకారు. కిటికీలకు తెరలు దించారు. రోగులను గదుల్లోకి తోలి తలుపులు మూశారు, ఆ తలుపులు వేలెడు సందుల్లో మళ్ళీ తెరుచుకున్నాయి. ఒక సందులో చాచక్ పెద్దాయన ముక్కు కనిపిస్తోంది. బూట్లు నేలను గీస్తున్నాయని చెప్పి జోర్కా తియొసావ్‌కు ఆసుపత్రి చెప్పులు ఇచ్చింది. వాటికి తాళ్ళు లేవు.

తియొసావ్ ఆ నడవాను ఒకసారి చూసి మీసం తడుముకున్నాడు. "ఏం, అందరూ చచ్చారా రాత్రి?"

"మొదలుపెట్టండి," అన్నది జోర్కా.

వెళ్ళాడు. నిన్నటి బాణమే. అటు చివర తిరిగాడు. తిరిగి వచ్చేటప్పుడు అడుగు తగ్గింది. చేతులు కడుక్కునే కాగితం ఉన్నచోట కళ్ళు వెతికాయి, నాలుగు మేకుల రంధ్రాలు తప్ప ఏమీ లేవు. కిటికీ వైపు చూశాడు, తెర. కిందికి చూశాడు, చెప్పులు. బల్ల మీద కూర్చున్న రొసాండా వైపు చూశాడు. మాట్లాడనని ఆమె జోర్కాకు మాట ఇచ్చింది. దాన్ని నిలబెట్టుకోవడానికి తలగుడ్డ అంచు పళ్ళ మధ్య పెట్టుకుంది.

ఇంకో పది అడుగులు వేసి, తియొసావ్ ఖాళీ గోడ ముందు ఆగాడు. ఒక చెయ్యి దానికి ఆనించాడు. భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి.

"బాగా నడుస్తున్నారు. కావాలంటే ఆగి, శక్తి వచ్చాక మళ్ళీ నడవండి," అన్నది జోర్కా. రాసిపెట్టిన మాటే, రాసిపెట్టిన గొంతు మాత్రం కాదు.

"నేను ఆగలేదు. గోడ... చూస్తున్నా."

జోర్కా గడియారం వైపు చూసింది.

"రంగు... బాగా వేశారు," అన్నాడు తియొసావ్. "ఎక్కడా... చారలు పడలేదు."

ఆయన ఆ గోడ మీద ఒక జానెడు మేర వదలకుండా చూస్తూ నిలబడ్డాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. జోర్కా గడియారం మోగేదాకా అక్కడినుంచి కదలలేదు.

కాలం అయిపోయింది కాబట్టి మాట తీరిపోయిందని రొసాండా లేచి వెళ్ళి పక్కన నిలబడింది. తనూ గోడ వైపే చూసింది.

"తియొసావ్, ఇది సైన్యం కాదు. ఇక్కడ పనికిరానివాళ్ళనే తీసుకుంటారు."

"అలాంటి... సైన్యం ఎక్కడుంది?"

"ఇదే. పాసైనవాడిని ఇంటికి పంపి పూడ్చుకోమంటారు."

ఆయన కొంచెంసేపు ఊపిరి వెతుక్కున్నాడు. "మరి పిల్ల?"

"పిల్ల నిన్ను ఎప్పుడో పుచ్చుకుంది. ఇప్పుడు తిప్పి ఇద్దామన్నా ఏ అంగడివాడూ తీసుకోడు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, మరేదో. గోడకు ఆనించిన చెయ్యి తీసి ఆమె భుజం మీద వేశాడు. ఆ బరువుకు రొసాండా మోకాళ్ళు వంగాయి.

"ఊపిరి ఆడటం లేదు, రొసాండా," అన్నాడు. "చాలా రోజులైంది."

నెవెనా పరుగున కుర్చీ తెచ్చి ఆయనను కూర్చోబెట్టింది. పెదవులకు రంగు తిరిగి వచ్చాక, నిన్నటి ప్రశ్నలే మళ్ళీ అడిగింది. ఆయన పాదిరీ ముందు తప్పులు ఒప్పుకునే కుర్రాడిలా తల వంచుకుని జవాబులు చెప్పాడు. నడిస్తే వస్తుంది. కొండెక్కితే వస్తుంది. ఒకసారి గొడ్డలి ఎత్తితే కళ్ళు తిరిగాయి, గొడ్డలి బాగాలేదని సావ్కాకు చెప్పాడు. ఛాతీలో నొప్పి ఉంది. "పెళ్ళిది కాదు, వేరేది," అన్నాడు.

నెవెనా కలం మూసి, "అభినందనలు, తియొసావ్ గారూ. మీరు సరిపోయారు," అన్నది. అనేశాక తన మాట తనకే వింతగా అనిపించి నాలుక కరుచుకుంది.

తియొసావ్ ఆ అభినందన ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. ఈలోపు తలుపు తోసుకుని చాచక్ పెద్దాయన బయటికి వచ్చాడు.

"ఏమైంది అన్నా, తీసుకున్నారా?"

"తీసుకున్నారు."

"సెబాసు! నన్నూ తీసుకున్నారు. నేను నిలబడితేనే పడిపోతాను," అన్నాడు గర్వంగా, గోడ పట్టుకుని.

సంతకం పెట్టించుకునేముందు నెవెనా దాచకుండా అన్నీ చెప్పింది. ఇది కొత్త పద్ధతి. రక్తం కారవచ్చు. కవాటం సరిగ్గా కుదురుకోకపోవచ్చు. బల్ల మీదే ప్రాణం పోవచ్చు. ఎంతకాలం పనిచేస్తుందో తమకూ తెలియదు, తెలుసుకోవడానికే ఈ పరిశోధన. మధ్యలో ఎప్పుడైనా వద్దనుకుంటే మానేయొచ్చు. రొసాండా ఒక్కో మాటకూ శిలువ గుర్తు వేసుకుంటూ వచ్చింది, చివరికి చెయ్యి నొప్పి పుట్టింది.

"సైన్యంలో ఇవేవీ ముందుగా చెప్పలేదు," అన్నాడు తియొసావ్, సంతకం పెడుతూ.

ఆపరేషన్ జరిగినంతసేపూ రొసాండా కింద అంతస్తులో కూర్చుంది. ఏం జరిగిందో తర్వాత జోర్కా చెప్పింది. మత్తు పూర్తిగా ఇవ్వలేదు, తొడ దగ్గర మాత్రం మొద్దుబార్చారు. తియొసావ్ పైకప్పు చూస్తూ పడుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడట.

"ఎటునుంచి వెళ్తున్నారు?"

"తొడ దగ్గర ఎక్కి, పొట్ట మీదుగా పైకి, మెడ కింద వంపు తిరిగి గుండెలోకి," అన్నదట నెవెనా.

"చుట్టుదారి."

"ఉన్న రోడ్డు అదొక్కటే, తియొసావ్ గారూ."

"రోడ్డు ఎలా ఉంది?"

"అక్కడక్కడా సున్నం పేరుకుంది. మలుపు కొంచెం గట్టిది."

"మలుపులో తొందరపడకండి. కొత్తవాళ్ళు జారేది అక్కడే."

మలుపు దగ్గర గదిలో అందరూ ఊపిరి బిగబట్టారట, తియొసావ్ కూడా. తర్వాత నెవెనా తెర వైపు చాలాసేపు చూసి, "చేరింది," అన్నదట. "ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు?" అని అడిగాడట ఆయన. ఆ తర్వాత నిద్రపోయాడు.

సాయంత్రం రొసాండాను లోపలికి పంపారు. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ మీద తీగలు, రెండు చేతులకూ సూదులు. ఎక్కడ ముట్టుకుంటే ఏది ఊడిపోతుందోనని ఆమెకు భయం. మంచం చివరికి వెళ్ళి, దుప్పటి కింద చెయ్యి దూర్చి పాదం పట్టుకుంది.

కొన్నేళ్ళుగా ఆ పాదాలు రాత్రిపూట ఏట్లో రాళ్ళలా ఉండేవి. పక్కలో తగిలితే ఆమె ఉలిక్కిపడి లేచేది. ఎండాకాలంలో కూడా ఉన్ని మేజోళ్ళు తొడిగేది. ఇప్పుడు అరచేతికి వెచ్చగా తగిలింది. రెండోదీ పట్టుకుని చూసింది. అదీ వెచ్చగానే ఉంది, పొయ్యిలోంచి తీసిన రొట్టెలా.

"జోర్కా! అమ్మాయ్, జోర్కా! ఈయనకి జ్వరం!"

జోర్కా పరుగెత్తుకొచ్చి జ్వరం చూసింది. లేదు. దుప్పటి ఎత్తి పాదాలు ముట్టుకుంది, రొసాండా చెయ్యి ముట్టుకుంది, మళ్ళీ పాదాలు ముట్టుకుంది.

"జ్వరం కాదు పిన్నీ. రక్తం కింద దాకా వచ్చింది, అంతే. అందరి కాళ్ళూ ఇలాగే ఉంటాయి."

"అందరివీనా?"

"బతికున్నవాళ్ళందరివీ."

తియొసావ్ కళ్ళు తెరవకుండానే కదిలాడు. "ఏమిటా గోల?"

"నీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి."

"నా కాళ్ళు నాకు తెలుసు. వదులు, నిద్రపోనీ."

రొసాండా వదల్లేదు. మంచం చివర చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని, దుప్పటి కప్పి, నర్సు వచ్చి వేళ అయిపోయిందని చెప్పేదాకా అలాగే పట్టుకుంది.